సినిమా పేరు అచ్చుగాని సమీక్ష

జనగామల డేరా టాకీసు పెట్టినంక, చూసిన ప్రతి సినిమా మీద నాలుగు ముక్కలు రాసి పట్నంల ఒక వారపత్రికకు పంపేటోన్ని. అప్పటికే పల్లెలల్ల భూముల కోసం కొట్లాడే సంఘం బలపడ్డది. దొరలకు నిద్ర పడుతలేదు.

ఒక సినిమాల, దిక్కులేని ఆడమనిషి పొలం గుంజుకున్న దొరను ఆఖరుకు అందరు దేవుడంటరు. "పొలం గుంజుకున్నోనికి ఎవరైనా దండం పెడుతరా?" అని, సినిమా కథతోపాటు రాసిన. పత్రిక వచ్చినంక పోలీసు జవాను నన్ను ఠాణాకు తోలుకపోయిండు.

ఠాణాకు పెద్దయిన అమీన్ పక్కన మా దిక్కు దొర ఒకాయన కూసున్నడు.

"నా మీద రాసేటంతటోనివైనవా?" అన్నడు.

"మీ మీద కాదు దొరా, సినిమా మీద."

"సినిమా అని యాడున్నది?" అని పత్రిక నా ముందటేసిండు.

పత్రిక అందుకొని చూసిన. సినిమా పేరున్న మొదటి వాక్యం అచ్చే కాలేదు. మిగిలిందంత నిజం దొర కథ లెక్కనే ఉన్నది.

నాయిన టాకీసు నడిపే సాయెబును ఎంటబెట్టుకొని ఉరికొచ్చిండు. సాయెబు సినిమా కథంత చెప్పినంకనే అమీన్ నన్ను ఇడిసిపెట్టిండు.

తర్వాత నర్మెట్టల అక్క ఇంటికి పోయిన. సంఘపోళ్లు ఆ పత్రిక అక్కడ చదివి వినిపించిండ్రట. పక్కింటి ముసలవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"నా పొలం సంగతి నీకెవలు చెప్పిండ్రు బిడ్డా?" అని మెల్లగ అడిగింది.

అది సినిమా అని చెప్పబోయిన. అంతల ఆగి, "నీ సంగతి నువ్వే చెప్పవ్వా, రాస్త" అని కలం తీసిన.