ఒక్క సూది

ఇబ్రహీంపట్నంలో మా అత్తమ్మ నోటికి భయపడని మనిషిని నేనొక్కదాన్నే. ఆమె ఒకటంటే నేను రెండనేదాన్ని. మా ఆయనకు బోరు మోటార్ల వైండింగ్ దుకాణం. ఇంట్లో గొడవ మొదలైతే చాలు, అర్జెంటు పనుందని అక్కడికి పోయి కూర్చునేవాడు. ఎకరాల్లో ఉన్న భూములు గజాల్లోకి మారుతున్న రోజులవి. శేరిగూడ వైపు కాలేజీ బస్సులు, కొంగరకలాన్ వైపు సున్నం పూసిన ప్లాటు రాళ్లు. నేను ఒక ఇంజనీరింగు కాలేజీ ఆఫీసులో పనిచేసేదాన్ని.

ఆ నోరు మూతపడగా నేను మొదటిసారి చూసింది నా తొలి కాన్పప్పుడు. దవాఖానలో అందరూ పాపను ఎత్తుకున్నారు. అత్తమ్మ మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. ఆడపిల్ల పుట్టిందని ముఖం మాడ్చుకుందనుకున్నాను, నాకు ఒళ్లు మండింది. నర్సు నాకు సూది వేస్తుంటే అప్పుడు మాట్లాడింది.

"బిడ్డ పుట్టినంక తల్లికి సూదేంది?"

"నాది నెగెటివ్ రక్తం అత్తమ్మా. పాపది పాజిటివ్. ఈ సూది ఎయ్యకుంటె ఎనక పుట్టేటోళ్లకు కష్టమట."

"మా కాలంల గిట్లాంటి కథలు లేకుండె," అని బయటికి వెళ్లిపోయింది.

ఆమె చేతుల సంగతి ఇంటి పక్క పెద్దమ్మ చెప్పింది. మా ఆయన తర్వాత అత్తమ్మకు ముగ్గురు పుట్టారట. పుట్టిన మర్నాటికే పసుపు ముద్దల్లా అయిపోయి, ముగ్గురిలో ఒక్కరూ నిలవలేదు. ఆఖరి బిడ్డను ఆచారం ప్రకారం పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చాటెడు తవుడుకు పక్కింటావిడకు అమ్మి, మళ్లీ తెచ్చుకున్నారు. అట్లా చేస్తే మిత్తి, అంటే చావు, ఆ బిడ్డ ఆ ఇంటిది కాదనుకుని వదిలేస్తుందని నమ్మకం. అదీ పోయింది. పిల్లలను మింగిందని ఊరంతా అన్నది. అప్పటినుంచి ఆమె ఎవరింటి పసిబిడ్డనూ ముట్టలేదట.

మా పాప బడికి పోయే వయసు వచ్చేసరికి అత్తమ్మ చిక్కిపోయింది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిందనేది, తిన్నది కక్కేది. గ్యాసు గోలీలు, సోడాలు అన్నీ అయ్యాక పట్నం తీసుకుపోయాం. గొట్టం వేసి చూసి, కడుపులో క్యాన్సరన్నారు. ఆపరేషను చేసి జీర్ణాశయం చాలావరకు తీసేస్తే బతికే ఆశ ఉంది, ఆలస్యం చేస్తే లేదు అన్నాడు డాక్టరు.

అత్తమ్మ అడ్డంగా తల ఊపింది. "కొయ్యొద్దు. నేను మింగినోళ్లు ఇప్పుడు నన్ను మింగుతున్నరు. ఇది దవాఖానల పోయేది గాదు."

మా ఆయన కాళ్లావేళ్లా పడ్డాడు. నేను తిట్టాను కూడా. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆపరేషను చేసినా చేయకున్నా ఒంట్లో రక్తం లేదు, ముందు ఎక్కించాలన్నారు. పరీక్షకు ఆమె రక్తం తీసుకుపోయారు. అరవైకి దగ్గరవుతున్న ఆ మనిషి రక్తం ఏ గ్రూపో అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఓ నెగెటివ్ అని చెప్పారు.

మా ఆయన ముఖం వెలిగింది. దుకాణంలో ఎవరో 'ఏ' గ్రూపు వాళ్లకు కడుపు క్యాన్సర్ ఎక్కువొస్తుందని, 'ఓ' గ్రూపు వాళ్లు ఎక్కువ రోజులు బతుకుతారని చెప్పారట. "అట్లైతె మా అవ్వ బతుకుతది గదా సార్?" అని డాక్టరును పట్టుకున్నాడు. డాక్టరు నవ్వలేదు. "ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. నేను గ్రూపును బట్టి చెప్పను. జబ్బు ముదరకముందే తీశామా లేదా, అంతే," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఈమెకు పిల్లలెవరైనా పుట్టగానే పోయారా? పచ్చబడి?" అని అడిగాడు.

ముగ్గురన్నాను. ఈయనకెవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు, రక్తమే చెప్పింది. తొలి కాన్పులో బిడ్డ పాజిటివ్ రక్తం తల్లిలో కొంచెం కలుస్తుందట. తల్లి రక్తం దాన్ని పరాయిదనుకుని, దాన్ని విరగ్గొట్టే మందు తానే తయారుచేసుకుంటుందట. ఆ తర్వాత కడుపున పడ్డ పాజిటివ్ బిడ్డలకు అదే విషం. కాన్పవగానే నాకేసిన సూది పడితే ఆ మందు తయారే కాదట. ఆ మందు ఇన్నేళ్లయినా ఆమె రక్తంలో ఇంకా కనబడుతోందన్నాడు.

ఆ పిల్లలకు పేర్లు పెట్టలేదు. వాళ్లను పాతిన చెలక భూమి కూడా ప్లాట్లయిపోయింది. ఊళ్లో ఎవరి దగ్గరా వాళ్ల ఆనవాలు లేదు. ఆమె రక్తం మాత్రం వాళ్లను మర్చిపోలేదు. దేవుడి గుళ్లో కూడా నేనంత భయంతో, అంత భక్తితో నిలబడలేదు.

లోపలికి పోయి అత్తమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. చివరిదాకా విని, గోడవైపే చూస్తూ అంది.

"అంటె నా రక్తమే వాళ్లను తిన్నది."

ఇట్లా తీసుకుంటుందని నేను అనుకోలేదు. నా మామూలు కోపమే సాయానికి వచ్చింది.

"అట్లైతె నేను గూడ తినేదాన్నే. నాది గూడ గదే రక్తం. నాకు సూది దొరికింది, నీకు దొరకలే. గంతే తేడ."

అత్తమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "ఆ సూదే? నీ బిడ్డ పుట్టినప్పుడు ఏసినరు, గదా?"

"అవ్. గదే."

"ఒక్కటేనా?"

"కాన్పుకొకటి."

ఆమె ఏడ్చింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. చాలాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, "కొయ్యమను," అంది.

కొడుకు రక్తం ఆమెకు పనికిరాదన్నారు. నాదీ ఓ నెగెటివే, సరిపోయింది. నా చేతినుంచి తీసిన రక్తం సంచి ఆమె మంచం పక్కన వేలాడుతుంటే, చుక్క చుక్కగా దిగే ఆ రక్తాన్ని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పొద్దున లేస్తే కొట్లాడుకునే మనుషులం. "నీ రక్తం ఎక్కినంక నా నోరు ఇంక పెద్దగైతదేమో," అంది అత్తమ్మ.

ఆపరేషను అయింది. గుప్పెడంత మిగిలిన కడుపుతో, పసిపిల్లలా కొంచెం కొంచెంగా తినడం నేర్చుకుంది. పోతుందనుకున్న నెలలు పోయాయి, ఆమె పోలేదు. ఓ గ్రూపు అని నేను ముందే చెప్పలేదా అని మా ఆయన ఇప్పటికీ మీసం తిప్పుతాడు. నేను వండిన జావలో ఉప్పెక్కువైందని ఒకరోజు ఆమె, తక్కువైందని ఇంకోరోజు ఆమే. అదే నోరు. వింటుంటే నాకు సంతోషంగా ఉండేది.

కొన్నేళ్లకు నాకు రెండో బిడ్డ పుట్టింది. అందరికంటే ముందు అత్తమ్మ వచ్చింది. కొడుకా ఆడబిడ్డా అని అడగలేదు. నా ఒళ్లో ఉన్న బిడ్డ వైపు కూడా చూడకుండా నేరుగా నర్సు దగ్గరికి పోయింది.

"బిడ్డ రక్తం జూసిన్రా? మా కోడలికి సూది ఏసిన్రా?"

"పాజిటివే అమ్మా. ఇప్పుడే వేశాం."

అప్పుడు కొంగులోంచి రెండు చేతులూ బయటికి తీసి నావైపు చాపింది.

"ఇటియ్యి," అంది.