గడ్డలో కనిపించని ప్రోటీన్లు

మా నాయన చనిపోయినప్పుడు ఆయన జబ్బు పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. పత్తికొండ దగ్గర మా పల్లెలో అందరూ దాన్ని కడుపు జబ్బు అన్నారు. నలభై దాటీ దాటకముందే రక్తం పోయి పోయి, మనిషి ఎండిపోయి మంచం పట్టాడు. దినాల నాడు మా జేజి, అంటే నాయన తల్లి, బంధువులందరి ముందూ మా అమ్మను చూపించి, "దీని చేతి కారం తిని తినే నా కొడుకు పేగులు కాలిపాయ" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కూరలు చప్పబడ్డాయి. ఊరిబిండి పచ్చడి కూడా మిరపకాయలు లేకుండా నూరేది. కొన్నేళ్లకు కడపలో మా మేనత్త, నాయన చెల్లెలు, అదే జబ్బుతో పోయింది. ఆమె మా అమ్మ చేతి వంట తిన్నది ఎప్పుడో పండక్కి వచ్చినప్పుడే. అయినా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. జేజి కూడా పోయింది గానీ ఆమె మాట మాత్రం మా ఇంట్లో నిలిచిపోయింది.

నేను కర్నూలులో హైస్కూలు టీచరును. నాయన పోయిన వయసుకు దగ్గరపడుతుండగా నాకూ నీరసం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువగా ఉందని మాత్రలిచ్చారు, తగ్గలేదు. రక్తం ఎక్కడికి పోతోందో చూడాలని డాక్టరు పట్టుబట్టి, గొట్టం వేసి పెద్దపేగంతా చూశాడు. కుడివైపున గడ్డ కనిపించింది. క్యాన్సరేనని తేలింది, ఆపరేషన్ చేసి తీసేశారు.

కుట్లు మానాక ల్యాబు డాక్టరమ్మ కబురు పెట్టింది. ఆత్మకూరు ఆడపిల్ల, నాకంటే చిన్నది. గడ్డను పరీక్షించింది ఆమే.

"మీరు టీచరు కాబట్టి మీకు తొందరగా అర్థమైతాది మేడం" అంది. "కణం రెండుగా చీలేటప్పుడు లోపలుండే రాతనంతా మళ్లీ ఎత్తి రాసుకుంటాది. రాసేటప్పుడు తప్పులు పడతాయి. వాటిని దిద్దే ప్రోటీన్లు కణంలోనే ఉంటాయి. మీ గడ్డలో వాటిలో రెండు కనపడ్లేదు. దిద్దేవి లేకుంటే తప్పులు పేరుకుపోతాయి. కణం అదుపు తప్పి పెరుగుతాది. గడ్డ అట్లొచ్చింది."

"అంటే ఇంకా మందులు ఎక్కించాల్నా?" అని అడిగాను.

"లేదు. ఈ రకం గడ్డ ముదరకముందే దొరికితే శానామందికి ఆపరేషనే సరిపోతాది. మీది ముందే దొరికింది." ఆమె కాగితం, పెన్ను తీసుకుంది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిండెనా?"

నాయన గురించీ మేనత్త గురించీ చెప్పాను. ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది. ఇది వంశంలో దిగి వచ్చే లోపం అయుండొచ్చనీ, నా రక్తం పరీక్షించి తేల్చాలనీ, తేలితే మా అన్నకూ చేయాలనీ చెప్పింది. నా పరీక్షలో లోపం ఉందనే వచ్చింది.

అన్న పత్తికొండలో టమాటా పండిస్తాడు. అమ్మ ఆయన దగ్గరే ఉంటుంది. నేను వెళ్లి విషయం చెప్పేసరికి ఆయన గంపలు సర్దుతున్నాడు.

"నాకేం నొప్పి ల్యా, నెత్తురు పోల్యా. ఏంటికిమే ఈ పరీక్షలు? లేని జబ్బును పిల్సుకొచ్చుకుంటామా?" అన్నాడు.

"నాకు గూడా నొప్పి లేదు గదా అన్నా."

అంతవరకు గడప దగ్గర కూర్చుని వింటున్న అమ్మ లేచి వచ్చింది.

"ఆ లోపం అమ్మ నుంచి వస్తాదా, నాయన నుంచి వస్తాదా?" అని అడిగింది.

"ఎవరి నుంచైనా రావచ్చమ్మా."

"అట్లయితే నా నెత్తురు గూడా తీసుకోమను. నా వల్లయితే నా వల్లేనని తెల్సుకుంటా. ఇన్నేండ్లు ఆ మాట మోసినా. నిజమో కాదో తెల్సుకోకుండా పోను."

అన్న చేతిలోని టమాటాను గంపలో పెట్టి అమ్మ ముఖం చూశాడు. మరుసటి వారం అమ్మతో పాటు ఆయనా కర్నూలు వచ్చాడు. అయినా తన రక్తం ఇస్తానని ఒప్పుకోలేదు. అమ్మకు తోడుగా వచ్చానన్నాడు.

డాక్టరమ్మ ఆయనతో వాదించలేదు. మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి నా గడ్డ ముక్కను చూపించింది. "మసక మసకగా ఉండాది" అన్నాడు అన్న. ఆమె సరిచేసింది. అప్పుడాయన చాలాసేపు తల ఎత్తలేదు.

"గోధుమరంగు చుక్కలు కనపడ్తాండాయి."

"అవి మంచి కణాలు. వాటిలో తప్పులు దిద్దే ప్రోటీను ఉంది కాబట్టి ఆ రంగు పట్టింది. ఇప్పుడు పక్కకు జరుపుతా, చూడండి."

"ఈడంతా నీలంగా ఉండాది. ఒక్కటీ గోధుమరంగు ల్యా."

"అదే గడ్డ."

అన్న లేచి నిలబడ్డాడు. "నాయన కడుపులో గూడా ఇట్లే ఉన్నింటాదా?"

"చూడకుండా చెప్పలేనన్నా. ఉండొచ్చు."

ఆయన చొక్కా చేయి పైకి మడిచి, "తీసుకోమ్మా" అన్నాడు.

అమ్మలో ఆ లోపం లేదు. జేజి అన్న మాట నేను ముందే చెప్పి ఉన్నాను కాబట్టి, ఆ సంగతి చెప్పేటప్పుడు డాక్టరమ్మ అమ్మ చేయి పట్టుకుంది. "ఇది మీ ఆయన వైపు నుంచి వచ్చింది అవ్వా. ఆయన తప్పూ కాదు, మీ తప్పూ కాదు. కారానికీ దీనికీ సంబంధం లేదు." అమ్మ ఏడవలేదు. పైట సర్దుకుని, "ఇంకొకసారి చెప్పమ్మా" అంది. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. అమ్మ అంత నిటారుగా కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు.

అన్నలో లోపం ఉంది. వెంటనే పేగు చూశారు. లోపల పేగు గోడకు చిన్న కండ పిలక మొలిచి ఉంది. చూస్తుండగానే దాన్ని కత్తిరించి తీసేశారు. అది ఇంకా క్యాన్సరుగా మారలేదని ల్యాబులో తేలింది. మత్తు దిగాక అన్న అడిగిన మొదటి మాట, "అయిపాయనా? ఇంతేనా?" నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాయనను తీసుకుపోయిన జబ్బు మా అన్న దగ్గర ఆ చిన్న పిలకతోనే ఆగిపోయింది.

ఆ వేసవిలో కడపలో మేనత్త కొడుకు కొత్తింట్లో చేరాడు. భోజనాలయ్యాక, నాయన దినాల నాడు ఆ మాట విన్న పెద్దవాళ్లు చాలామంది అక్కడే ఉండగా, అమ్మ లేచి నిలబడింది.

"అందరూ ఒక మాట వినండప్పా. మా ఆయనను చంపింది నా కారం కాదంట. ఆయన వంశంలోనే ఒక లోపం ఉండాదంట. పరీక్షలో తేలింది. నన్నెవరూ క్షమాపణ అడగొద్దు. మా ఆడబిడ్డ పిల్లలంతా కర్నూలుకు వచ్చి పరీక్ష చేయించుకోండి. నాకు అది చాలు."

మా అన్న కూడా లేచి, తన కడుపులో ఏం దొరికిందో, ఎట్లా తీశారో పూసగుచ్చినట్టు చెప్పాడు. మేనత్త పిల్లలంతా వచ్చారు. చిన్న కూతురిలో లోపం ఉంది గానీ పేగు శుభ్రంగా ఉంది. ఇక ఆమె కూడా మాలాగే ఏడాదికో రెండేళ్లకో మానకుండా పేగు చూపించుకోవాలి. మిగతావాళ్లలో లోపం లేదు.

నేను మళ్లీ బడికి పోతున్నాను. చూపించుకోవడానికి నేనూ అన్నా ఆసుపత్రికి పోయినప్పుడల్లా అమ్మ కూడా వస్తుంది. రావద్దన్నా వినదు. మేము లోపలికి పోతే తను బయట బెంచీ మీద కూర్చుంటుంది. మొన్న బయటికి వచ్చేసరికి, ఆదోని నుంచి భర్తను తెచ్చిన ఒకామెతో మాట్లాడుతోంది.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా వచ్చిండెనా?" అని అడిగింది అమ్మ.

"మా మామకు, ఈయన నాయనకు వచ్చిండె" అందామె.

అమ్మ ఆమె చేయి పట్టుకుని లేపింది. "అయితే ఈడ కూచోవద్దు. రా, ఆ మాట డాక్టరమ్మకు చెప్పుదువు."