బాపు కోసం బిగించిన రెండో బ్యాటరీ

బాపుకు ఉబ్బసం ముదిరాక జాతర మాట ఎత్తితే చాలు, ఇంట్లో అందరూ గయ్యిమనేవారు. దంతాలపల్లి దగ్గరి మా ఊరి నుంచి భూపాలపల్లి అవతలి అడవిదాకా పోవాలి, గుడారం వేసుకుని మూడు రోజులుండాలి. అక్కడ కరెంటుండదు. ఆయాసం వచ్చినప్పుడు ఆయన మందు పీల్చే మిషనేమో కరెంటు లేనిదే కదలదు.

"ఈ ఒక్కసారి తోల్కపో బిడ్డా" అని నన్నే అడిగాడు. కాదనలేకపోయాను.

మా పాత వ్యానులో వెనక సీటు కింద రెండో బ్యాటరీ నేనే బిగించాను. దానికి ఇన్వర్టరు తగిలించాను. వైర్లు కొన్న మానుకోట షాపులో మెకానిక్ ముందే చెప్పాడు. "అక్కా, నడుమ రిలే పెట్టు. ఇంజను బందయితే రెండు బ్యాటరీలను అదే విడగొడ్తది. లేకుంటే రెండూ ఒక్కసారే పండుకుంటయి."

నాకు చెప్పొచ్చాడు పెద్ద! ట్రాక్టరు మొరాయిస్తే పక్క బండి బ్యాటరీకి వైర్లు కలిపి లేపడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. అట్లాగే రెండింటినీ నేరుగా కలిపేశాను.

జాతరలో దిగగానే లైటు వెలిగించి, ఫ్యాను తిప్పి చూపించాను. ఇక బాపు చుట్టుపక్కల గుడారాలకంతా ఒకటే చాటింపు. "మా బిడ్డ చేసింది. ఫోన్లు తెచ్చి చార్జింగు పెట్టుకోండ్రి." జాతరలో మనిషి తప్పిపోతే ఫోనే దిక్కు, ఎవరిని మాత్రం వద్దంటాం? మరునాటికి వ్యాను నిండా వాళ్ల ఫోన్లే. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

ఆ మధ్యాహ్నమే దుమ్ముకు బాపుకు ఆయాసం ఎగదన్నింది. మాస్కు పెట్టి స్విచ్చు వేశాను. మిషను ఒకసారి మూలిగి ఆగిపోయింది. ఇంజను నడిస్తే బ్యాటరీకి చార్జింగు ఎక్కుతుందని తాళం తిప్పాను. టక్కుమంది, అంతే. మెకానిక్ అన్నట్టే రెండు బ్యాటరీలూ పండుకున్నాయి. దవాఖాన గుడారం వాగు అవతల ఉంది, మధ్యలో ఇసుకేస్తే రాలనంత జనం. బాపు పెదాలు నల్లబడుతున్నాయి. నా చేతులతో నేనే ఆయన్ను చంపుకుంటున్నాననిపించింది.

"ఎవరన్న బ్యాటరీ ఇయ్యిండ్రి, మా బాపు పోతున్నడు" అని ఏడుస్తూ గుడారం గుడారానికీ ఉరికాను.

కురవి నుంచి వచ్చిన రైతు ఒకాయన తింటున్న అన్నం వదిలేసి లేచాడు. తన ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి భుజాన వేసుకొచ్చాడు. ఎంగిలి చేత్తోనే ఇన్వర్టరుకు వైర్లు కలిపాడు. మిషను నడిచింది.

బాపు ముఖంలోకి కళ రావడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు ఆయన కాళ్ల దగ్గర కూలబడి చెప్పాను. "బాపూ, వైర్లు నేనే తప్పు కలిపిన."

ఆయన మాస్కు కొంచెం పక్కకు జరిపాడు. "ఎరుకనే బిడ్డా. నలభై ఏండ్లు ట్రాక్టరు తోలినోన్ని. ఇంటికాడ్నే చూసిన. ఫోన్లకే పండుకుంటయనుకోలే."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు గంత సంబురంగ చూపెడుతుంటే నాకు నోరు రాలే."

నాలుగు తిట్టినా బాగుండేది. మాస్కు మళ్లీ ఆయన ముక్కుకు నొక్కి పట్టుకుని, తలెత్తి ఆయన మొహం చూడలేక అట్లాగే కూర్చున్నాను.