బుక్కులో కాలని మోటరు

ఇది మహాకావ్యం కావలసిన కథ. కాకపోతే జరిగింది బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో, వీరుడేమో ఐటీఐ పరీక్ష రెండుసార్లు తప్పిన నేను.

230 వోల్టులు, 5 ఆంపియర్లు. భాగిస్తే రెసిస్టెన్స్ 46 ఓమ్‌లు, గుణిస్తే పవర్ 1150 వాట్లు. ఎప్పుడు ఏది చెయ్యాలో గుర్తుండక, విసుగుతో పైకే చదువుతున్నాను: "వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గును."

పక్క సీటు రైతు తన కాళ్ల దగ్గరి గోనెసంచి వైపు చూశాడు. అందులో బావి మోటరు ఉంది.

"తగ్గుతదా తమ్మీ? కరెంటు లైను రాంగనే ఊరంత ఒక్కపారే మోటర్లు ఏస్తరు. వోల్టేజి పడిపోతది, మోటరు కాలుతది. ఈ పంటకు ఇది మూడోపారి. వరి ఎండుతున్నది."

"బుక్కు ప్రకారం కాలొద్దు కాకా."

ఆయన సంచిలోంచి కాలి నల్లబడ్డ తీగముక్క తీసి నా పేజీ మీద పెట్టాడు.

"గా బుక్కుకు సూపియ్యి."

ఆ రోజు పరీక్షలో భాగించి, మూడోసారికి పాసయ్యాను. వోల్టేజి పడిపోతే నీళ్లు తోడే మోటరు కరెంటు ఎక్కువ లాగి కాలుతుందని తర్వాత తెలిసింది. చెబుదామంటే ఆయనది ఏ ఊరో నేను అడగలేదు.

ఇప్పుడు కాలిన మోటర్లకు కొత్త తీగ చుట్టే షాపులో పనిచేస్తున్నాను. వరి ఎండుతోందని రైతులు తొందరపెడతారు. చుట్టిన తీగకు పూసిన వార్నిష్ ఆరడానికి మాత్రం ఒక రోజు పడుతుంది.