నలభై అంగల దూరానికి దుర్బిణి

మా ముత్తాత నాలుగు ఊళ్ళకు మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా తాత తాలూకా బోర్డు మెంబరు. సూళ్లూరుపేట స్టేషన్లో ఆయన కోసం మద్రాసు బండి రెండు నిమిషాలు ఎక్కువ ఆగేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. మా నాన్న ఏ పదవీ చేయలేదు గాని, ఇస్త్రీ లేని చొక్కా ఒక్కనాడూ తొడగలేదు. వాళ్ళ తరువాత నాకు మిగిలినవి సముద్రం వైపు కొంత సరుగుడు తోట, దాన్ని ఆనుకుని వేరుశనగ చేను, తాతగారి రైఫిలు. నిటారుగా కూర్చునే అలవాటు కూడా వాళ్ళదే.

రైఫిలు లైసెన్సు పంట కాపలా పేరు మీద ఉండేది. ఎన్నికలప్పుడు దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించి, అయిపోయాక తెచ్చుకునేవాణ్ణి. తెచ్చుకునేటప్పుడు ఆటో పిలిచేవాణ్ణి కాదు. భుజాన రైఫిలుతో బజారు మధ్యలో నడుస్తుంటే నలుగురూ చూడాలని నా కోరిక.

జింకను కొట్టడం నేరమని నాకు తెలుసు. తెలియక చేశానని రాస్తే అది మరో అబద్ధమవుతుంది. కావలి నుంచి ఒక రైసుమిల్లు యజమాని ఆదివారం భోజనానికి వస్తానన్నాడు. ఆయన తాత మా కళ్ళంలో ధాన్యం కొలిచేవాడు. ఇప్పుడు ఆయన కారు మా వీధిలో తిరగదు, అంత పెద్దది. ఫోనులో ఆయన నవ్వుతూ, "మీ ఇంట్లో అతిథులకు జింక మాంసం పెట్టేవారటగా, మా తాత చెప్పేవాడు" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం పెట్టలేమా?" అన్నాను.

నోరు జారాను. ఇక ఆ మాట నిలబెట్టుకోవాలి. లేకపోతే నేను ఆ తాతకు మనవణ్ణి కాను. ఆ వారమంతా నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

రైఫిలుకు మొదటి నుంచీ ఒక గురి ఉంది. గొట్టం చివర చిన్న ఇత్తడి గింజ, కంటి దగ్గర ఒక గాడి. గాడి మధ్యకు గింజ వచ్చేలా చూసి మీట నొక్కాలి. ఆ గింజను మా ఇంట్లో వడ్లగింజ అనేవాళ్ళు. యాభై దాటాక అది నా కంటికి మసకబారింది. కళ్ళజోడు పెట్టుకుని వేటకు పోవడం నామోషీ అనిపించింది. అందుకని చెన్నైలో తుపాకులమ్మే అంగడికి వెళ్ళాను.

అంగడాయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. "ఎంత దూరంలో కొడతారు సార్?" అని అడిగాడు.

మా తోట అంచు నుంచి చేనులోకి నలభై అంగలుంటుంది. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. "రెండు వందల గజాలు. మా తాత మూడు వందల్లో కొట్టేవాడు" అన్నాను.

ఆయన పొడుగాటి దుర్బిణి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పన్నెండు రెట్లు పెద్దది చేసి చూపిస్తుందట. పక్కనే అగ్గిపెట్టె అంత చిన్న అద్దం పెట్టాడు. "దగ్గర్లో కొట్టేదైతే మాత్రం ఇది సార్. ఏదీ పెద్దది చేయదు. మధ్యలో ఎర్ర చుక్క ఒకటి కనపడుతుంది, అంతే. రెండు కళ్ళూ తెరిచి చూడొచ్చు. పక్కన ఏముందో కూడా తెలుస్తుంది."

"పిల్లల బొమ్మలా ఉంది" అన్నాను.

"మీ ఇష్టం సార్" అని ఆయన దుర్బిణి బిగించి ఇచ్చాడు.

తోట కాపలా చూసే పెద్దాయనకు దాన్ని చూపించాను. ఆయన తండ్రి మా తాత వెంట వేటకు పోయేవాడు. నన్ను చిన్నప్పుడు భుజాన మోసినవాడు కనుక ఆయన పిలుపు ఇప్పటికీ మారలేదు. దుర్బిణికి కన్ను ఆనించి తన గుడిసె వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"అబ్బయ్యా, ఇందులో నా తలుపు చీల బాగా కనపడతా ఉండాది. గుడిసె యాడుండాదో తెలీలా."

"అలవాటవుతుందిలే."

"మీ తాత కూడా నలభై అంగలు దాటి కొట్టింది లేదబ్బయ్యా. మా నాయన తోలుకొచ్చి ముందర నిలబెడితేనే గదా కొట్టేది."

"ఆ మాట ఇంకెక్కడా అనకు."

"నేనెవురితో అంటా? ఈ సరుగుడు చెట్లతోనా?"

శనివారం తెల్లవారుజామున తోట అంచున ఒక తాటిమొద్దుకు ఆనుకుని కూర్చున్నాను. జింకలు వేరుశనగకు రోజూ ఆ వేళకే వస్తున్నాయి. వాటిని నా వైపు మళ్ళించడానికి పెద్దాయన చేను చుట్టూ తిరిగి అవతలి గట్టు మీదికి పోయాడు. పొరుగు రైతు ఎరువు కోసం ముందురోజే తన చేలో గొర్రెల మందను పడుకోబెట్టించుకున్నాడని నాకు తెలియదు. ఎవరినైనా అడిగి ఉంటే తెలిసేది.

గోధుమరంగులో ఏదో కదిలింది. దుర్బిణికి కన్ను ఆనించి రెండో కన్ను మూశాను. అద్దం నిండా గోధుమరంగు బొచ్చే. తల కనపడలేదు, కాళ్ళు కనపడలేదు. సరుగుడు ఆకుల్లోంచి పడ్డ వెలుతురు దాని మీద చుక్కలు చుక్కలుగా ఉంది. నాకు అది చాలింది. అవతలి గట్టు మీద పెద్దాయన వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడట. ఆయన ఉన్న లోకమే నా అద్దంలో లేదు.

మీట నొక్కాను. రైఫిలు వెనక్కి తన్నింది. దుర్బిణి అంచు కనుబొమ మీద కత్తిలా దిగింది. కంట్లోకి నెత్తురు కారింది. అప్పుడే ఒక ఆడమనిషి కేక వినిపించింది.

"అయ్యో నాయనో! దొర పడిపోయెనే! దొరను కొట్టేసినారే!"

నేను లేచి నిలబడ్డాను. చేతిరుమాలు నుదుటికి అదుముకుని గట్టిగా, "భయపడకండి, నాకేం కాలేదు. చిన్న దెబ్బే" అన్నాను.

ఆమె కర్ర పట్టుకుని పరుగున వచ్చింది. నన్నొకసారి ఎగాదిగా చూసి, నా పక్క నుంచే దాటిపోయింది.

"నిన్నెవురు అడిగినారు సామీ? నా పొట్టేలు!"

మా నెల్లూరు గొర్రెల్లో తెల్లదాన్ని పల్ల అంటారు, తెలుపులో నల్లమచ్చలుంటే జోడిపి, గోధుమరంగుదైతే దొర. పొడుగు కాళ్ళు, పొట్టి బొచ్చు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఆ క్షణాన మాత్రం ఆ మాటకు నేను తప్ప మరో అర్థం ఉందని నాకు తోచలేదు.

పెద్దాయన రొప్పుతూ వచ్చి, "పంది అనుకున్నాం తల్లీ" అన్నాడు.

"పందికి ఇంతింత కాళ్ళుంటాయా? నువ్వు ఊరుకో పెద్దాయనా. సామీ, నీ నోటితో చెప్పు. ఏమనుకొని కొడితివి?"

"జింక" అన్నాను.

"మెడలో ఎర్రతాడు కట్టుండా గదా. గుడ్డోడు కూడా చూస్తాడే!" పొట్టేలు పక్కన కూలబడి దాని చెవి నిమురుతూ అంది. "ఫారెస్టోళ్ళకు చెప్తే ముందు ఈ ముసలాయన్ను పట్టకపోతారు. అందుకని చెప్పడంలా. నీ కోసం గాదు." లేస్తూ మళ్ళీ అంది: "నా చేత్తో సాకినదాన్ని నేను తినలేను. నువ్వే తీసకపో."

తీసుకుపోయాను.

ఆదివారం అతిథి వచ్చాడు. నా కనుబొమ మీది ప్లాస్టరు చూసి, "వేటలో తగిలిందా?" అని అడిగాడు. అవునన్నాను. అది నిజమే. రెండో ముద్ద తిని ఆయన, "జింక మాంసం రుచే వేరండీ" అన్నాడు. వడ్డిస్తున్న నా భార్య చేతిలో గరిటె ఆగింది. నేను కాదనలేదు. "ఇంకొంచెం వేయించుకోండి" అన్నాను. ఈ మొత్తంలో నేను దేనికైనా తలవంచుకోవాలంటే కాల్చినదానికంటే ఆ ఒక్క మాటకే.

సంతలు తిరిగి ఒక దొర పొట్టేలును కొని ఆమె దగ్గరకు తోలించుకుని వెళ్ళాను. ఆమె దాని పళ్ళు చూసింది, నడిపించి చూసింది, సరేనంది. తరువాత, "ఆ మాంసం ఏం చేస్తివి?" అని అడిగింది.

"కావలి నుంచి వచ్చిన అతిథికి పెట్టాను."

"జింకని చెప్పినావా?"

"నేను చెప్పలేదు. ఆయన అన్నాడు. కాదనలేదు."

ఆమె పక్కనున్న ఆడవాళ్ళను కేకేసింది. "ఇదో వినండే, మన దొరను కావలాయన జింకని తినిపోయినాడంట!"

అందరూ పడీ పడీ నవ్వారు. వీపు నిటారుగా పెట్టుకుని నిలబడ్డాను. మరోలా నిలబడటం నాకు రాదు. నా వెంట వచ్చిన పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం కావలికి ఫోన్ చేశాను. "ఆరోజు మీరు తిన్నది జింక కాదు, గొర్రె" అన్నాను.

"తెలుసండీ" అన్నాడాయన మెల్లగా. "మేమూ నెల్లూరోళ్ళమే గదా. గొర్రె రుచి తెలీదా? మీరు బాధపడతారని అట్లా అన్నా."

రైఫిలునూ దుర్బిణినీ ఆ నెలలోనే చెన్నైలో అమ్మేశాను.