గాజుకు కట్టిన ఎర్ర గుడ్డ

మా బాపమ్మ వనమాలకు భయమంటే తెలియదని చెప్పేవాళ్లంతా ఆమెను దూరం నుంచి చూసినవాళ్లే. నేను ఆమెతో ఒకే గదిలో పడుకునేదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆమె భయంతో పడుకుంటుంది, భయంతో లేస్తుంది. గ్యాస్ మూడుసార్లు చూస్తుంది. ఇంటికి తాళం వేసి, లాగి, సందు చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ లాగుతుంది. ఒకసారి ఆమె సందు చివర ఉండగా నేను తాళం తీసేసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. తనూ తినలేదు.

ఇంతటి భయస్తురాలు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో ఉరికే బండిని పందేల్లో నడుపుతుంది. లోపల కూర్చునే బండి కాదులెండి. మూరెడు పొడుగు, నాలుగు కిలోల బరువు ఉండి, బ్యాటరీతో నడిచే బగ్గీ. మట్టి గుట్టల మీంచి ఎగురుతూ అది పోతుంటే, బాపమ్మ దూరంగా నిలబడి చేతిలోని రిమోట్‌తో తిప్పుతుంది. అరవై నాలుగేళ్ల మనిషి, ముక్కుపుడక, నేత చీర, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు. నాందేడ్‌లో మా వీధి పిల్లలు ఆమెను ‘రేసు ఆజీ’ అంటారు. మరాఠీలో ఆజీ అంటే బామ్మే. ఆ పేరు పెట్టింది నేనే అని వాళ్లకు తెలియదు, బాపమ్మకు తెలుసు.

మా తాత రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే పనిలో ఉండగానే పోయాడు. ఆ కొలువు బాపమ్మకు ఇచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. నిజామాబాద్ పక్క పల్లె మనిషి, మరాఠీ రాదు, స్క్రూ డ్రైవర్‌ను ఏ వైపు పట్టుకోవాలో కూడా రాదు. ముప్పై రెండేళ్లు తీగల మధ్య గడిపి రిటైరయ్యే నాటికి, ఆమె సిగ్నల్ పెట్టె తెరిస్తే సాహెబులు నోరు మూసుకుని పక్కన నిలబడేవారట. ఆమె చెప్పుకునే గొప్పల్లో సగం తీసేసినా మిగిలింది తక్కువేమీ కాదు.

రిటైరయ్యాక ఒకరోజు మొబైల్ దుకాణం అభయ్ తన దగ్గర మూలపడ్డ రిమోట్ బగ్గీని తెచ్చి, “ఆజీ, ఇది ఎట్లనన్న నడుస్తదా చూడు” అన్నాడు. అది నడిచింది. ఆ తర్వాత బాపమ్మ దాన్ని తిరిగి ఇవ్వలేదు. స్క్రూలు కుంకుమ భరిణెల్లోకి వచ్చాయి. బగ్గీ కుదుపులను మింగే షాక్‌లలో పోసే నూనె సీసాలు దేవుడి అలమరలో కొబ్బరినూనె పక్కన చేరాయి. బగ్గీని మోకాలి ఎత్తు నుంచి నేల మీదికి వదిలి చూసేది. పడ్డ చోటే కూర్చుంటే నూనె సరిపోయినట్టు. కప్పలా ఎగిరితే విప్పి, ఇంకాస్త చిక్కటిది పోసేది. తొమ్మిదితో బడి మానేసి ఇంట్లో పడున్న నాకు అట్లా ఒక చదువు దొరికింది. మార్కులు లేవు, తిట్లు మాత్రం బడిలోకన్నా ఎక్కువ.

సిగ్నళ్లకు ఒక ధర్మం ఉంది. తీగ తెగినా, కరెంటు పోయినా, ఎలుక కొరికినా, వెలగాల్సింది ఎర్ర దీపమే. పాడైతే బండి ఆగాలి తప్ప పోకూడదు. బగ్గీకీ అంతే. రిమోట్ మాట బండికి అందకపోతే బండి తనంతట తానే బ్రేకు వేసుకోవాలి. దాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. “నా మాట వినపడకుంటే ఈ గుర్తు పంపు” అని బండిలోని రిసీవర్‌కు ముందే నేర్పి పెట్టాలి. నేర్పాక బండిని పైకెత్తి, చక్రాలు తిరుగుతుండగా రిమోట్ ఆపేసి చూడాలి. చక్రాలు ఆగితేనే నేల మీద పెట్టాలి.

బాపమ్మకు ఈ పట్టు ఎందుకో నేను చాలా ఏళ్లు పోరితే చెప్పింది. ఒక చిన్న స్టేషన్‌లో, ఆ పేరు మాత్రం ఇప్పటికీ చెప్పదు, సిగ్నల్ ఎరుపు మీదే బిగుసుకుపోయింది. ఎక్కడ పాడైందో వెతకడానికి ఆమె సిగ్నల్ పెట్టెలో ఒక తీగ ముక్క అడ్డంగా పెట్టింది. దీపం పచ్చగా వెలిగింది. ఈలోగా ఎవరో పిలిస్తే పోయింది. తీగ అట్లాగే ఉండిపోయింది. పట్టాల మీద ఖాళీ వ్యాగన్ ఒకటి నిలిచి ఉండగా ప్యాసింజర్‌కు పచ్చ దీపం కనబడింది. డ్రైవర్ కళ్లు మంచివి, దూరం నుంచే చూసి బ్రేకు కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందరూ వెళ్లిపోయాక బాపమ్మ ఇంజనుకూ వ్యాగనుకూ మధ్య నడిచి చూసింది. పదకొండు అడుగులు.

అప్పటినుంచి ఆమెకు ఒక అలవాటు. తాత్కాలికంగా ఏ తీగ పెట్టినా, ఏ మీట మార్చినా, ఎర్ర గుడ్డ పేలిక ఒకటి గాజుకు కట్టుకుంటుంది. పని సరిచేసి, పరీక్ష చేసి చూసేదాకా విప్పదు. అది కట్టి ఉన్నంతసేపు అన్నం ముట్టదు. బగ్గీల పనిలోనూ అదే నియమం. నేను మార్చితే నేను కట్టుకోవాలి. నేనా, గాజులే వేసుకోను. వాచీ పట్టాకు కట్టుకోమంటుంది. సగంసార్లు కట్టుకునేదాన్ని, సగంసార్లు ఆ గుడ్డ పిల్లి తోకకు కట్టేదాన్ని.

కిందటి నవంబర్‌లో ముద్ఖేడ్ దారిలో సోయా కోసేసిన చేనులో పందెం పెట్టారు. దానికి ముందురోజు, శనివారం, మా బండి స్పీడ్ కంట్రోలర్ కాలిపోయింది. మోటారుకు ఎంత కరెంటు పంపాలో చూసుకునే డబ్బీ అది. బాపమ్మ పెన్షన్ కాగితాల పని మీద బ్యాంకుకు పోయింది. అభయ్ దగ్గర ఇంకోటి తెచ్చి నేనే అతికించాను. చూస్తే అంతా తలకిందులు. మీట లాగితే బ్రేకు పడుతోంది, ముందుకు తోస్తే బండి ఉరుకుతోంది. రిమోట్‌లో దీనికో చిన్న స్విచ్ ఉంది, అటు నుంచి ఇటు నొక్కితే చాలు. నొక్కాను. లాగితే ఉరికింది. నా తెలివికి నేనే మురిసిపోయి సాయంత్రందాకా మేడ మీద ఆడుకున్నాను. గుడ్డ కట్టుకోలేదు.

పొద్దున అటుకులు తింటూ బాపమ్మ అడిగింది.

“డబ్బీ మార్చినవు గదా. ఫెయిల్‌సేఫ్ చూసినవా?”

“చూసిన.”

“బండి ఎత్తి చూసినవా?”

“ఎత్తే చూసిన. ఇగ లే బాపమ్మా, బస్సు పోతది. నువ్వు తాళం లాగేటాలకే అర్ధగంట.”

నవ్వింది. నన్ను నమ్మింది.

చేనులో నల్లరేగడి పైన పొడిగా, కింద తడిగా ఉంది. ఒక ట్రాక్టర్ ట్రాలీని అడ్డంగా నిలిపి, నడిపేవాళ్లందరినీ దాని మీద వరసగా నిలబెట్టారు. ట్రాలీ పక్కనే బగ్గీలను పందెంలోకి దించే చోటు, చాయ్ బండి, నేల మీద కూర్చున్న చిన్నపిల్లలు. బోర్లాపడ్డ బగ్గీలను ఉరికిపోయి తిరగేసే పని భీమ్‌రావు మామది. ఆయన రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, బాపమ్మకు పాత స్నేహం. మోకాళ్ల నొప్పులున్నా తనంత చురుకైనవాడు లేడని ఆయన నమ్మకం. బండి పడిందంటే చాలు, రెండు చేతులతో వెనక చక్రాల దగ్గర పట్టి, పొట్టకు ఆనించుకుని ఎత్తుతాడు.

ఫైనల్ పది నిమిషాలు. బాపమ్మ రెండో స్థానంలో ఉంది, ముందు ప్రథమేశ్ అనే దెగ్లూర్ కుర్రాడు. నేను ఆమె పక్కనే ట్రాలీ మీద నిలబడి, “ఆజీ, చీర కుచ్చిళ్లు ఊడుతున్నయ్” అని ఆటపట్టిస్తున్నాను. నాలుగో నిమిషంలో ఆమె చేతిలోంచి సన్నగా ఒక కూత వినబడింది. బీప్. కాసేపటికి మళ్లీ బీప్.

రిమోట్‌లోని సెల్లులు అయిపోవస్తున్నాయి. నిన్నంతా ఆడింది నేనే. బాపమ్మకు సన్నటి చప్పుళ్లు వినబడవు, చెవులు ఎప్పుడో మొద్దుబారాయి.

పోనీలే అనుకున్నాను. సెల్లులు పోతే రిమోట్ ఆగుతుంది. రిమోట్ ఆగితే బండి బ్రేకు వేసుకుంటుంది, పందెం పోతుంది, అంతే కదా.

అప్పుడు గుర్తొచ్చింది. రిసీవర్‌కు బాపమ్మ నేర్పింది పాత డబ్బీ గుర్తు. ఆ గుర్తుకు అప్పుడు బ్రేకు అని అర్థం. కొత్త డబ్బీకి అన్నీ తలకిందులు. అందుకే కదా నిన్న స్విచ్ మార్చాను. రిసీవర్‌కు ఆ సంగతి ఎవరు చెప్పారు? రిమోట్ ఆగిన క్షణాన అది పాత గుర్తే పంపుతుంది, కొత్త డబ్బీ దాన్ని పూర్తి వేగం అనుకుంటుంది. నాలుగు కిలోల బండి, పట్టేవాళ్లు లేకుండా, దాని ముక్కు ఎటుంటే అటు.

బీప్. బీప్.

పిల్లల వైపు చూశాను. ఒకడు పల్లీలు ఒలుచుకుంటున్నాడు. చెప్పాలి. కానీ చెబితే అబద్ధం బయటపడుతుంది, ఆ పదకొండు అడుగులు కొలిచిన మనిషికి నేనే మళ్లీ తీగ పెట్టినట్టవుతుంది. చెప్పకపోతే ఇంకో ఆరు నిమిషాలు సెల్లులు నిలవాలి. ఒక చుట్టు పోయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక చుట్టు మొత్తం ఊరికే నిలబడ్డాను.

కూతలు దగ్గరపడ్డాయి.

“బాపమ్మా, నేను గుడ్డ కట్టుకోలే.”

“ఏంది?”

“ఫెయిల్‌సేఫ్ చూడలే. రివర్స్ స్విచ్ మార్చిన. రిమోట్ సెల్లులు అయితున్నయ్, కూత పెడుతున్నది. బందైతే బండి ఫుల్ ఉరుకుతది.”

ఆమె నా వైపు తిరగలేదు. మెడ మీది నరం ఒకటి లేచింది. పెదవులు తెల్లబడ్డాయి. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు, ఇంకోసారి చూడాలని లేదు.

“ఇటు తీస్కరా, నేను పట్టుకుంట” అన్నాను.

“ఇటు పిల్లలున్నరు.”

అంతే అంది. బండిని ట్రాలీకి అందనంత దూరం, చేను చివరి పెద్ద గుట్ట వైపు తిప్పింది. అక్కడిదాకా సెల్లులు ఉంటాయో లేదో ఆమెకూ తెలియదు. గుట్ట ఎక్కుతుండగా పూర్తిగా మీట లాగింది. బండి గాల్లోకి లేచింది. గాల్లో ఉండగానే బ్రేకు కొట్టింది. ముక్కు కిందికి వాలి, ఒక పల్టీ కొట్టి, నాలుగు చక్రాలు ఆకాశానికి పెట్టి వెల్లకిలా పడింది. అందరూ ‘అయ్యో’ అన్నారు. నాకు ఊపిరి వచ్చింది. వెల్లకిలా పడ్డ బండి ఎక్కడికీ పోలేదు.

అప్పుడు చూశాను, భీమ్‌రావు మామ ఉరుకుతున్నాడు.

“మామా! ముట్టకు!” అని అరిచాను. మిగతా బండ్ల హోరు, జనం కేకలు. ఆయనకు వినబడలేదు. నడుం వంచాడు, చేతులు చాచాడు.

బాపమ్మ ట్రాలీ అంచుకు ఉరికి రెండు చేతులూ తలపైకి ఎత్తింది. రిమోట్ ఒక చేతిలోనే ఉంది. రెండో చేతి వేళ్లన్నీ విప్పి, కట్టెలా నిలబడింది. జెండా చేతిలో లేనప్పుడు రైల్వేవాళ్లు ‘ప్రమాదం, ఆపు’ అని చెప్పే పద్ధతి అది. జనానికి అది పందెం ఓడిన ముసలమ్మ దేవుణ్ణి పిలిచినట్టుంది. భీమ్‌రావు మామ తల ఒక్కసారి పైకెత్తి చూశాడు. ముప్పై ఏళ్లు గేటు కాసిన మనిషి. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

ఆమె ఎత్తిన చేతిలోనే రిమోట్ దీపం ఆరిపోయింది.

చక్రాలు అరిచాయి. ఎవరూ ఏమీ నొక్కకుండానే నాలుగూ ఒక్కసారిగా, టైర్లు ఉబ్బి పళ్లేల్లా కనబడేంత వేగంతో. మట్టి పెళ్లలు మామ ముఖానికి కొట్టాయి. ఆయన వెనక్కి కూలబడ్డాడు.

“సెల్లులు తే” అంది బాపమ్మ. సంచిలోంచి కొత్తవి తీశాను. రెండు చేతిలోంచి జారి ట్రాలీ కిందికి దొర్లాయి. దూకి వెతికాను. ఒకటి తిరగేసి పెట్టాను, తీసి మళ్లీ పెట్టాను. ఇంతసేపూ ఆ అరుపు ఆగలేదు. దీపం వెలిగింది. చక్రాలు మెల్లగా నెమ్మదించి ఆగాయి.

బాపమ్మ దిగి, మట్టిగడ్డల మీంచి నడిచి వెళ్లి, బండి బ్యాటరీ తీగ ఊడబీకింది. తర్వాత దాని పక్కనే నేల మీద కూర్చుంది. నేనూ అభయ్ పరుగున వెళ్లాం.

“కాయ్ ఝాలం, వనమాలాబాయీ?” ముఖం తుడుచుకుంటూ, ఏమైందని అడిగాడు భీమ్‌రావు మామ.

“నా తప్పు, భీమ్‌రావ్. పోరిని అడిగిన. నేను చూడలే.”

“కాదు, నేను...” అన్నాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“నీ చెయ్యి ఎంత దూరంల ఉండె?” అని మామను అడిగింది. ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. బొటనవేలు, చిటికెనవేలు చాచి చూపించాడు. జానెడు. బాపమ్మ తన చెయ్యి కూడా అట్లాగే చాచి, ఆ కొలతను చాలాసేపు చూసింది. పందెం ఎవరు గెలిచారో మేమిద్దరం ఇప్పటికీ ఎవరినీ అడగలేదు.

బొడ్లోని సంచిలోంచి ఎర్ర గుడ్డ తీసి తన గాజుకు కట్టుకుంది. ఇంకో పేలిక చింపింది. నేనే చెయ్యి చాచాను. వాచీ పట్టాకు కట్టింది. ముడి వేయడానికి మూడుసార్లు పట్టింది.

ఇంటికి వచ్చాక కాళ్లు కూడా కడుక్కోకుండా బండి ముందు కూర్చున్నాం. రిసీవర్‌కు కొత్త గుర్తు నేర్పాను. ఆమె బండిని రెండు చేతులతో పైకెత్తి, ఒంటికి దూరంగా పట్టుకుంది.

“మీట లాగు.”

లాగాను. చక్రాలు తిరిగాయి.

“రిమోట్ బందు చెయ్.”

వేలు స్విచ్ మీద పెట్టాను. నొక్కలేదు. చక్రాల ముందు ఆమె ముంజేతులు ఉన్నాయి, ఎర్ర పేలిక గాలికి కొట్టుకుంటోంది.

“నువ్వు పట్టుకోకు బాపమ్మా. ఇటుక మీద పెడదాం.”

“ఇప్పుడు భయమైతున్నదా?”

“అయితున్నది.”

“మంచిది. బందు చెయ్.”

కళ్లు మూసుకుని నొక్కాను. గదిలో చప్పుడు ఆగిపోయింది. కళ్లు తెరిస్తే చక్రాలు కదలడం లేదు. నేను నా గుడ్డ ముడి మీద చెయ్యి వేశాను.

“ఆగు” అంది బాపమ్మ. “ఇంకోసారి.”