తోడికోడలి మోకాళ్ళు

కుట్టుపనివాళ్ళందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. జాకెట్టైనా కోటైనా, ఆమె గుడ్డ మీద ఒకసారి గీసిన గీతను చెరపాల్సిన పని ఉండేది కాదు. ఏళ్ళ తరబడి దుకాణంలో కటింగ్ బల్ల ఆమెదే. అలాంటి బల్లను యజమాని మేడ మీదికి మార్పించాడు. మోకాళ్ళు అరిగిన కత్తెరమ్మ కింద బొత్తాలు కుట్టుకుంటూ మిగిలిపోయింది. బల్ల దగ్గరికి అదే దుకాణంలో పనిచేసే ఆమె తోడికోడలు వెళ్ళింది.

నిరుడు ఆ తోడికోడలూ కుంటినదే. సముద్రపు నాచు నుంచి తీసిన ఖనిజాల పొడి ఏదో తాగుతోందట, ఇప్పుడు మెట్లు చకచకా ఎక్కేస్తోంది. ఆ అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా కత్తెరమ్మ కడుపు మండిపోయేది. "దేవుడా, దానికిచ్చింది తీసెయ్యమనడం లేదు, నాకూ ఇమ్మంటున్నాను" అని దండం పెట్టుకునేది. మొదటి మాట పూర్తిగా నిజం కాదని ఆమెకూ తెలుసు, దేవుడికీ తెలుసు.

నోరు తెరిచి అడగొచ్చు. కానీ అడిగితే చిన్నతనం. అందుకని తోడికోడలు భోజనానికి కిందికి దిగి చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, ఆమె అక్కడ పెట్టిన సంచీ పక్కనున్న డబ్బాలోంచి చెంచాడు తెల్లపొడి తీసుకునేది. నీళ్ళలో కలిపితే గ్లాసు పట్టిస్తుందని ఉత్తదే మింగేది. వారం తిరిగేసరికి నొప్పి సగం తగ్గినట్టే అనిపించింది. ఇక బల్ల తనదే అనుకుని ఒక మధ్యాహ్నం మెట్లెక్కింది. సగంలో మోకాలు పట్టేసింది. పైకి పోలేక, కిందికి రాలేక కూలబడింది.

తోడికోడలు పరుగున దిగివచ్చింది.

"అయ్యో అక్కా! ఆ మూతికి తెలుపేంటి?" వేలితో తుడిచి చూసి గతుక్కుమంది. "ఇది గుడ్డ మీద గీతలు వేసే సుద్దపొడి కదా! డబ్బా తరిగిపోతుంటే ఎలకలనుకున్నాను."

"నీ మోకాళ్ళ పొడి అనుకున్నానే."

"అది ఇంట్లో ఉంటుంది. దాంతో కాస్త హాయే గానీ మాయేం లేదక్కా. డాక్టరు చెప్పిన కసరత్తు పొద్దున్నే ఏడుస్తూ చేస్తున్నా. నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటావు, డాక్టర్ని అడక్కుండా ఏ పొడీ ముట్టకు. రేపు నేనే తీసుకెళ్తా."

"నా కాళ్ళు బాగైతే నీ బల్ల పోతుందే, పిచ్చిదానా!"

"పోనీ. నువ్వు పక్కన లేక ఎన్ని జాకెట్లు పాడుచేశానో యజమానిని అడుగు."

తోడికోడలు ఆమె నడుం చుట్టూ చెయ్యేసి లేపి, ఒక్కో మెట్టూ దింపసాగింది. ఇంతకాలం కత్తెరమ్మ ఆ మోకాళ్ళను చూసి కుళ్ళుకుంది. ఇప్పుడు ఆ మనసును చూసి కుళ్ళుకుంటూ, తన బరువంతా ఆ భుజం మీదే వేసింది.